గునుగు ఎందుకు పలుచబడుతోంది? ఎండలకు, వానకరువుకు బీళ్లలో ముందుగా తగ్గేది ఏ మొక్కలు?

ప్రశ్న: గుట్టకింది పూలు (పరకాల దగ్గర), మే 5

అందరికీ నమస్కారం. నేను పరకాలకు దగ్గరలోని ఒక పల్లెలో ఉన్నత పాఠశాల పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. ఎంగిలిపూల బతుకమ్మకు ముందురోజు పిల్లలను వెంటబెట్టుకుని మా ఊరి గుట్ట కిందికి పూలకు వెళ్లడం ఏళ్లుగా అలవాటు. అది రాళ్ల నేల కాబట్టి ఎవరూ దున్నలేదు. నాకు తెలిసినప్పటి నుంచీ పడావుగానే ఉంది, అక్కడ మందు కొట్టే అవసరమూ ఎవరికీ రాలేదు.

పత్తి చేల గెట్ల మీద గునుగు ఎందుకు పోయిందో ఎవరినీ అడగనక్కర లేదు. నాకు అర్థం కానిది ఈ దున్నని నేల సంగతి. 2023లో జులై చివరన ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 650 మిల్లీమీటర్ల వాన కురిసింది, మా చెరువులూ అలుగులు పారాయి. ఆ వెంటనే వచ్చిన ఆగస్టు, దేశం మొత్తం మీద 1901 నుంచి లెక్కలున్నంత వరకు అన్నింటికంటే పొడిగా గడిచిన ఆగస్టు. మొత్తం వాన లెక్క చూస్తే కరువు సంవత్సరమని ఎవరూ అనలేరు గానీ, ఆ అక్టోబరులో మేము వెళ్లేసరికి నడుము దాకా రావలసిన గునుగు జానెడు ఎత్తున, మొక్కకు ఒక్క కంకితో, వేలెడంత పూవుతో నిలబడి ఉంది. చాలాచోట్ల అదీ లేదు. పక్కనే తంగేడు మాత్రం ఎప్పటిలాగే పసుపుపచ్చగా విరగబూసింది, బోదగడ్డి కూడా ఏపుగానే ఉంది. ఆ తరువాతి ఏళ్లలో గునుగు కొంత తేరుకుంది కానీ మునుపటిలా నేల తెల్లగా కనిపించలేదు.

నా సందేహాలు ఇవి. ఎండ పెరిగినప్పుడు, వాన మధ్యలో తెగిపోయినప్పుడు గడ్డినేలల్లో కొన్ని రకాల మొక్కలే ముందుగా దెబ్బతింటాయా, లేక ఇది మా గుట్టకు మాత్రమే జరిగిన ముచ్చటా? మంచి వానలు తిరిగి వస్తే పోయిన మొక్కలు వాటంతట అవే తిరిగి వస్తాయా? పరికరాలేవీ లేని ఒక బడి, పిల్లలతో కలిసి దీన్ని నమ్మదగిన పద్ధతిలో ఎలా చూడవచ్చు? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1: పాత హెర్బేరియం (హనుమకొండ), మే 6

మేడమ్ గారూ, నేను చాలాకాలం డిగ్రీ విద్యార్థులకు వృక్షశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. మీరు చెప్పిన మూడు మొక్కలను వేళ్లతో సహా పక్కపక్కన ఊహించుకోండి. తంగేడు ఏళ్ల తరబడి బతికే పొద, దాని తల్లివేరు రాళ్ల సందుల్లోంచి లోతుకు దిగి ఉంటుంది. బోదగడ్డి దుబ్బు ఎండాకాలమంతా ఎండిపోయినట్టు కనిపించినా వేరు మొదలులో ప్రాణం నిలుపుకొని తొలకరికి మళ్లీ చిగురిస్తుంది. గునుగుకు అలాంటి దాపు ఏదీ లేదు. మృగశిర వానకు గింజ మొలవాలి, నెలన్నర రెండు నెలలు ఆకు పెంచుకోవాలి, పూయాలి, గింజ రాల్చి చనిపోవాలి. దాని జీవితమంతా నేలపొరలో పైన ఉన్న జానెడు తడి మీదనే ఆధారపడి నడుస్తుంది, కాబట్టి ఆగస్టులో ఇరవై రోజులు వాన తెగితే తంగేడుకు అది ఒక ఇబ్బంది మాత్రమే, గునుగుకు అది ఆకు పెంచుకునే కాలంలో మూడో వంతు. మఖలో పుట్టి పుబ్బలో పోవడమనే మాటను మనం మనుషుల పనుల మీద వాడుతుంటాం గానీ, ఆలస్యంగా మొలిచిన గునుగు విషయంలో అది కార్తెలతో సహా అక్షరాలా నిజం.

ఇది మీ గుట్టకే పరిమితమైన సంగతి కాదు. అమెరికాలోని ఉత్తర కాలిఫోర్నియాలో మెక్‌లాఫ్లిన్ అనే పరిశోధనా క్షేత్రం ఉంది. సుసాన్ హారిసన్, ఆమె సహచరులు అక్కడి గడ్డినేలల్లో ఒకే స్థలాలకు ఏటా వెళ్లి, 2000 నుంచి 2014 వరకు 15 ఏళ్లు మొక్కల జాతులను లెక్కపెట్టారు. శీతాకాలపు వానలు తగ్గుతూ వచ్చిన ఆ కాలంలో జాతుల సంఖ్య క్రమంగా పడిపోయింది, అందులోనూ ఎక్కువగా తగ్గినవి పలుచని వెడల్పాటి ఆకులున్న స్థానిక ఏకవార్షిక పూలమొక్కలు. పలుచని ఆకు తడి ఉన్నప్పుడు త్వరగా పెరగడానికి పనికివస్తుంది, తడి పోయినప్పుడు అదే ముందుగా వాడిపోతుంది. కొత్త జాతులు వచ్చి ఖాళీని పూరించలేదు, ఉన్నవే తగ్గాయి.

మీ రెండో ప్రశ్నకు మరో చోటి అనుభవం దగ్గరగా ఉంటుంది. మిన్నెసోటా రాష్ట్రంలోని సీడర్ క్రీక్‌లో డేవిడ్ టిల్మన్ బృందం గడ్డిమడులను గమనిస్తుండగా 1987-88లో తీవ్రమైన కరువు వచ్చింది. కరువు తరువాత గడ్డి బరువు మళ్లీ పుంజుకుంది, కానీ మడుల్లోని జాతుల సంఖ్య తరువాతి రెండేళ్లలోనూ పూర్వస్థితికి రాలేదు. దూరం నుంచి చూసేవారికి పచ్చదనం తిరిగి వచ్చినట్టే ఉంటుంది, వంగి లెక్కపెడితేనే లోటు తెలుస్తుంది. అదే బృందం 1994లో ప్రచురించిన మరో మాట కూడా ప్రసిద్ధమైనది: ఎక్కువ జాతులున్న మడులు అదే కరువును తక్కువ నష్టంతో దాటాయి. అంటే ఒక కరువులో జాతులు పోతే, తరువాతి కరువును ఎదుర్కొనే శక్తి కూడా వాటితోపాటు కొంత పోతుంది.

అయితే ఎండను, వానకరువును ఒకే గాటన కట్టవద్దని మనవి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జాస్పర్ రిడ్జ్‌లో 1998లో మొదలైన ప్రయోగంలో మడుల మీద హీటర్లు వేలాడదీసి నేలను సుమారు ఒక డిగ్రీ వేడెక్కించారు. మూడేళ్లు గడిచినా ఆ వేడి ఒక్కటే జాతుల సంఖ్యను చెప్పుకోదగినంతగా మార్చలేదు. గాలిలో బొగ్గుపులుసు వాయువు పెంచితే, నత్రజని వేస్తే తగ్గింది, నీళ్లు ఎక్కువ పెడితే పెరిగింది. ఇంకా ఆశ్చర్యం ఏమిటంటే, వేడెక్కించిన మడుల్లో వసంతంలో నేల తడి కాస్త ఎక్కువగా మిగిలింది. వేడికి గడ్డి ముందుగానే పండిపోయి నీళ్లు పీల్చడం మానేయడమే దానికి కారణం. నేను తరగతిలో ఈ సంగతి చెప్పినప్పుడల్లా విద్యార్థులు నమ్మేవారు కాదు. దీనికి పూర్తి భిన్నంగా, టిబెట్ పీఠభూమి ఈశాన్య భాగంలో చుట్టూ పారదర్శకమైన గోడలు పెట్టి గడ్డిని వేడెక్కించినప్పుడు కొన్నేళ్లలోనే 26 నుంచి 36 శాతం జాతులు పోయాయని 2004లో వచ్చిన ఫలితం చెబుతోంది. చలి నేలలోని మొక్కలు, ఎండకు అలవాటుపడిన మొక్కలు వేడిని ఒకే విధంగా తీసుకోవు.

కాలిఫోర్నియా లెక్కను తెచ్చి వరంగల్‌కు అలాగే అంటించడం కూడా సరికాదు. అక్కడ వాన చలికాలంలో పడుతుంది, అక్కడి గడ్డిలో ఎక్కువ భాగం ఐరోపా నుంచి వచ్చిన ఏకవార్షిక జాతులు. మన దక్కన్ బీళ్లను 1973లో దబడ్‌ఘావ్, శంకరనారాయణ్ చేసిన వర్గీకరణలో సెహిమా-డైకాంథియం (ఇవి రెండు గడ్డి ప్రజాతుల పేర్లు) రకం కింద చేర్చారు. వీటిలో ప్రధానమైనవి దుబ్బు కట్టే బహువార్షిక గడ్డి జాతులు, అవి సీ-4 పద్ధతిలో, ఎండ ముదిరినా తక్కువ నీటితో ఆహారం తయారు చేసుకోగలిగినవి. అందుచేత మన దగ్గర వేడి ఒక్కటే వచ్చి గడ్డిని చంపుతుందని నేను అనుకోను. వానల మధ్య ఎడం పెరగడం వల్ల దుబ్బుల నడుమ బతికే చిన్న మొక్కలు, అంటే గునుగు, నేలకు అంటుకుని పాకే చిన్న చిక్కుడు జాతి తీగలు, మీ పిల్లలు గడ్డిపూలు అని కోసుకొచ్చేవి, ముందుగా పలుచబడతాయని నా అంచనా.

జవాబు 2: మంద వెనుక (జనగామ వైపు), మే 8

మాది గొర్రెల కాపరుల కుటుంబం. మా నాయన ఇప్పటికీ మందతోనే ఉంటాడు, నేను చదువుకుని వేరే పనిలో ఉన్నా సెలవుల్లో ఆయన వెంట వెళతాను. సార్ చెప్పిన పచ్చదనం మాటకు మా వైపు నుంచి ఒక సాక్ష్యం చెప్పాలనిపించింది.

వాన తెగిన ఏడు తరువాత మా బంచరాయి దూరం నుంచి చూస్తే పచ్చగానే ఉంటుంది. దగ్గరికి పోతే ఆ పచ్చదనంలో సగం వయ్యారిభామ, మిగిలినదాంట్లో తంగేడు, జీవాలు నోరు పెట్టని మరికొన్ని మొక్కలు కనిపిస్తాయి. మా నాయన మందను వదిలి, గొర్రెలు తల ఎత్తకుండా ఎంతసేపు మేస్తాయో చూస్తాడు. మేత బాగున్న నేలలో గొర్రె అడుగు తీసి అడుగు వేయడానికి సమయం పడుతుంది, మేత లేని నేలలో అది నడుస్తూనే ఉంటుంది. ఆయన దగ్గర ఉన్న కొలత అదే, నాకు తెలిసి అది తప్పిన సందర్భం లేదు. పూర్వం మెత్తని గడ్డి ఎక్కువగా ఉండిన చోట ఇప్పుడు పొడుగాటి తోకలాంటి ముల్లు గింజ ఉండే గడ్డి పెరిగింది. అది లేతగా ఉన్నప్పుడు జీవాలు తింటాయి గానీ, గింజ పట్టిన తరువాత ఆ ముల్లు తడికి మెలి తిరుగుతూ ఉన్నిలోంచి చర్మంలోకి దిగుతుంది, పెదవులకు గుచ్చుకుని పుండ్లవుతాయి. కార్తీకంలో మా ఇంట్లో ఆడవాళ్లు గొర్రె పిల్లలను ఒళ్లో పెట్టుకుని ఆ ముళ్లు ఏరుతుంటారు.

మేపడం వల్లనే బీళ్లు పాడవుతున్నాయని ఎవరైనా అంటారేమో, అందులో కొంత నిజం ఉందని నేనూ ఒప్పుకుంటాను. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో 1 కోటి 90 లక్షలకు పైగా గొర్రెలున్నాయి, దేశంలో ఏ రాష్ట్రంలోనూ ఇన్ని లేవు. 2012తో పోలిస్తే ఇది దాదాపు ఒకటిన్నర రెట్లు. గొర్రెలు పెరిగాయి, బంచరాయి తగ్గింది. కొంత ప్లాట్లయింది, కొంత దున్నకంలోకి పోయింది, ఇంకొంత చోట గడ్డినేలను ఖాళీ భూమిగా లెక్కగట్టి చెట్లు నాటి కంచె వేశారు. గడ్డి ఉన్న నేలను బంజరు అని రాసుకున్నంత కాలం ఇది మారదు. మంద ఒకేచోట నెలల తరబడి తిరిగితే ఏ గడ్డీ గింజ దాకా రాదు. మా తాతల కాలంలో ఎండాకాలం మందలు గోదావరి వైపు పోయేవి, తిరిగి వచ్చేసరికి ఇక్కడి నేల తేరుకునేది. సార్‌ను ఒకటి అడగాలని ఉంది: టిబెట్ ప్రయోగంలో మేపిన నేలకు, మేపని నేలకు తేడా చూశారా?

జవాబు 3: రేగడి రైతు (భూపాలపల్లి జిల్లా), మే 9

అందరూ చదువుకున్న మాటలు చెబుతున్నారు, మంచిదే. కానీ ఎండల మీద నెట్టేసి అసలు సంగతిని పక్కకు పెట్టవద్దు. మా చిన్నప్పుడు గునుగు ఎక్కడుండేది? జొన్న చేలల్లో, కంది చేలల్లో, వాటి గెట్ల మీద. ఇప్పుడు జొన్న వేసేవారు ఊరికి ఇద్దరు లేరు, అంతా పత్తి, మక్క, వరి. కలుపు తీయడానికి మనుషులు దొరకక నేనూ గడ్డిమందు కొడుతున్నాను, ఆ మాట దాచను. చేనులో కొట్టింది గెట్టు మీద కూడా పడుతుంది, గెట్టు శుభ్రంగా ఉంటే పాములు రావని కావాలని కొట్టేవాళ్లూ ఉన్నారు. పండుగనాడు మా ఇంటి ఆడబిడ్డలు గునుగును డబ్బు పెట్టి కొని తెచ్చారు, ఆ రోజు నాకు సిగ్గనిపించింది. మీ గుట్ట కిందికి గాలికి, నీళ్లకు గింజ ఎక్కడి నుంచి రావాలి? చుట్టూ ఉన్న చేలల్లోంచే కదా. ఆ చేలల్లోనే అది లేనప్పుడు కరువు తరువాత మళ్లీ నిండడం ఎట్లా సాధ్యం?

జవాబు 4: పాత హెర్బేరియం, మే 10

రైతు గారు అన్న మాటను ఈ చర్చలో అందరికంటే ముందు నేను చెప్పి ఉండవలసింది. సీడర్ క్రీక్‌లో జాతులు తిరిగి రాకపోవడానికి చెప్పుకున్న కారణం కూడా దాదాపు అదే: చావు కరువు వల్ల జరిగింది, తిరిగి రావడం మాత్రం గింజ అందక ఆగిపోయింది. మన జిల్లాలో మొక్కల రకాలు తగ్గడానికి దున్నకం, గడ్డిమందు, భూమి చేతులు మారడం పెద్ద కారణాలని, వానల ఎడం ఆ దెబ్బ మీద పడుతున్న రెండో దెబ్బ అని నేను నమ్ముతున్నాను. మేడమ్ గారి గుట్ట విలువైనది అందుకే, అక్కడ మొదటి దెబ్బ నేరుగా పడలేదు.

కాపరి మిత్రునికి జవాబు: అవును, చూశారు. జీవాలు మేసినట్టుగా గడ్డిని కత్తిరించిన చోట వేడి వల్ల కలిగిన నష్టం తగ్గింది. పొడుగు మొక్కల నీడ కోసేసరికి కింది మొక్కలకు వెలుతురు అందుతుంది కాబట్టి అలా జరుగుతుందని అనుకోవచ్చు. కానీ అది మితంగా కోసిన నేల, ఏడాది పొడవునా మేసిన నేల కాదు. మీ తాతలు మందను తరలించిన పద్ధతికీ ఈ ఫలితానికీ పొత్తు కుదురుతుంది.

ఇక బడి పిల్లలు చేయగలిగినవి. ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు ఉండే చట్రాన్ని వెదురుబద్దలతో చేయించండి. గుట్ట కింద కొన్ని చోట్ల మేకులు పాతి, ఏటా భాద్రపదం చివర అవే చోట్ల చట్రం వేసి, లోపల ఎన్ని రకాలున్నాయో, గునుగు ఎన్ని మొక్కలో రాయించండి. పేరు తెలియని మొక్కకు పిల్లలే ఒక పేరు పెట్టి, పాత వార్తాపత్రికల నడుమ ఎండబెట్టి దాచవచ్చు. ఇంగ్లండులోని బక్స్‌టన్ దగ్గర 1993 నుంచి సున్నపురాయి గడ్డినేలకు కృత్రిమంగా వేడి, కరువు కలిగించి చూస్తున్నారు. పదమూడేళ్ల తరువాత కూడా అక్కడి మొక్కల కూర్పు పెద్దగా మారలేదు. రాళ్ల మధ్య కొన్నిచోట్ల మట్టి పలుచగా, కొన్నిచోట్ల లోతుగా ఉండటం మొక్కలకు దాక్కునే చోట్లు కల్పించిందని తరువాత తేల్చారు. అందుకని చట్రాలన్నీ మెత్తని నేలలోనే కాకుండా కొన్నింటిని బండల పగుళ్ల పక్కన కూడా వేయండి, తేడా ఉంటే అక్కడే కనిపిస్తుంది.

వానను అడ్డుకునే పందిరి వేసి చూడాలన్న ఆలోచన వస్తే మానుకోండి. ఒకసారి నా విద్యార్థులు గొట్టాలు నిలబెట్టి, పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టీలు ఎడం ఎడంగా కట్టి సగం వానను పక్కకు మళ్లించే ఏర్పాటు చేశారు. మూడో రోజు కోతులు పట్టీలన్నీ పీకేశాయి, అయిదో రోజు పందిరి లేని మడిని మేకలు మేసిపోయాయి. మా వద్ద మిగిలింది గొట్టాల రసీదు ఒక్కటే.

దానికంటే సులభమైనది, ఇప్పుడే చేయగలిగినది ఇంకొకటి ఉంది. తొలకరికి ముందే గుట్ట కింద పైపొర మట్టిని, రెండు వేళ్ల లోతు మించకుండా, అయిదారు చోట్ల తీసి కలపండి. పత్తి చేను గెట్టు మీది మట్టిని కూడా అదే కొలతలో తీయండి. వేర్వేరు తట్టల్లో పలుచగా పరిచి, కొంచెం నీడలో ఉంచి రోజూ నీళ్లు చల్లండి. నేలలో బతికున్న గింజలేమిటో అవే మొలిచి చెబుతాయి. కాలిఫోర్నియాలో 2012 తరువాతి కరువులో, పైన కనిపించే పూలమొక్కలు తగ్గినా నేలలో వాటి గింజల నిల్వ పెరిగిందని, బయటి నుంచి వచ్చిన గడ్డి గింజలు మాత్రం తగ్గాయని ఇలాగే కనుగొన్నారు. గునుగు గింజ నల్లగా, ఆవగింజ కంటే చిన్నగా, మెరుస్తూ ఉంటుంది. అది గుట్ట మట్టిలో ఇంకా ఉందో లేదో తెలిస్తే మీ రెండో ప్రశ్నకు మీ దగ్గరే జవాబు దొరుకుతుంది.

ప్రశ్న అడిగినవారు: గుట్టకింది పూలు, జూన్ 3

అందరికీ కృతజ్ఞతలు. బడికి సెలవులు కాబట్టి తట్టలు మా ఇంటి వెనుక జామచెట్టు కింద పెట్టాను. ఆలస్యానికి కారణం, మొదటి వారం మట్టిని కోళ్లు గీకేస్తే మళ్లీ తెచ్చి మొదలుపెట్టవలసి రావడం, ఈసారి పైన పాత దోమతెర కట్టాను.

ఆరో రోజు నుంచి మొలకలు మొదలయ్యాయి. గెట్టు మట్టిలో ముందుగా తుంగ, తరువాత వయ్యారిభామ వచ్చాయి. వయ్యారిభామను దాని చీలిన ఆకును బట్టి నేనే గుర్తుపట్టాను. గునుగు ఆ తట్టలో ఈ రోజు వరకు ఒక్కటీ రాలేదు. గుట్ట మట్టిలో ఎక్కువ భాగం సన్నని గడ్డి మొలకలే, అవి ఏ రకమో కంకి వచ్చేదాకా చెప్పలేను. వాటి మధ్య కొన్ని మొలకల కాడలు ఎర్రగా, ఆకులు కోలగా ఉన్నాయి. అవి గునుగో తోటకూరో తేల్చుకోలేక రెండు రోజులు పుస్తకాలు తిరగేశాను. చివరికి నీళ్లు చల్లడానికి వచ్చిన మా అత్తమ్మ ఒక ఆకు తుంచి, వాసన చూసి, నోట్లో వేసుకుని, గునుగాకే, చిన్నప్పుడు పప్పులో వేసుకుని తిన్నాం అన్నది. మర్నాడు మిగిలిన మొలకలను కూడా ఆమెతోనే లెక్కపెట్టించాను, మొత్తం 9 వచ్చాయి.

వెదురు చట్రం మేదరాయనకు చెప్పాను. బడి తెరిచాక మేకులు పాతుతాం, రెండు చట్రాలు పెద్ద బండ పగులు పక్కన వేస్తాం. రైతు గారూ, మీ ఊరి చేలల్లో ఒక్క గెట్టును ఈసారి మందు కొట్టకుండా వదలగలిగితే, అక్కడి మట్టిని కూడా ఒక తట్టెడు పంపించగలరా?

రేగడి రైతు, జూన్ 4

తూర్పు గెట్టు వదులుతాను. అక్కడ ఎట్లాగూ చింతచెట్టు నీడకు పత్తి రాదు. మట్టి మాత్రం ఇప్పుడే పంపుతాను, నిన్న రాత్రి మాకు నాలుగు చినుకులు పడ్డాయి, మళ్లీ పడితే మొలకలు తట్టలో కాకుండా ఇక్కడే లేస్తాయి.